లిస్టులో చివరి పేరు

మా ఆఫీసులో ఒక హాస్టల్ మెస్ బిల్లుల అప్లికేషన్ ఉంది. వెబ్‌సైట్లు రాసే ప్రోగ్రామింగ్ భాష పీహెచ్‌పీ 5.6 వెర్షన్ మీద ఏళ్ల తరబడి నడిచింది. ఆ వెర్షన్‌కు సెక్యూరిటీ సపోర్ట్ 2018 చివరికే ఆగిపోయింది కాబట్టి దాన్ని పీహెచ్‌పీ 8కి మార్చే పని నాకు అప్పగించారు. కొత్త సర్వర్‌లో మొదటి పేజీ తెరవగానే ఈచ్ అనే ఫంక్షనే లేదంటూ ఫేటల్ ఎర్రర్ వచ్చింది.

కోడ్ నిండా వైల్, లిస్ట్, ఈచ్ కలిపి రాసిన లూపులే (ఒకే పనిని మళ్లీ మళ్లీ చేసే కోడ్). ఈచ్ అర్రేలోంచి, అంటే ఐటమ్‌ల వరుసలోంచి, ఒక ఐటమ్ ఇచ్చి, ఎక్కడిదాకా వచ్చామో గుర్తుంచుకునే లోపలి పాయింటర్‌ను ఒక అడుగు ముందుకు జరుపుతుంది. అందుకే ప్రతి లూప్‌కు ముందు, పాయింటర్‌ను మొదటికి తెచ్చే రీసెట్ అని రాసి ఉండేది. అది మరిచిపోతే పాయింటర్ చివర్లోనే ఉండిపోయి రెండో లూప్ ఒక్కసారి కూడా తిరగదు. 7.2లో ఈచ్‌ను వాడొద్దని హెచ్చరిక పెట్టారు, 8.0లో పూర్తిగా తీసేశారు. అన్నీ, ఐటమ్‌లను తానే వరుసగా ఇచ్చే ఫోరీచ్ లూప్‌లోకి మార్చడానికి నాకు రెండు రోజులు పట్టింది. ఆలస్య రుసుము కలిపే లూప్‌లో మాత్రం అర్రేలోని విలువలే మారాలి కాబట్టి వేరియబుల్ ముందు ఆంపర్‌శాండ్ (&) గుర్తు పెట్టాను. కోడ్ చిన్నగా, చక్కగా కనిపించింది. ఒక్క విద్యార్థితో టెస్ట్ చేశాను, బిల్లు సరిగ్గా వచ్చింది.

మర్నాడు వార్డెన్ గారు ఫోన్ చేశారు. "లిస్టులో విజయ రెండుసార్లు పడింది బాబూ, యామిని పేరే లేదు" అన్నారు. నాకు చాలా టెన్షన్ వచ్చింది. ఒకరికి రెండు బిల్లులు, ఇంకొకరికి అసలు లేదు. మొత్తం కూడా తప్పే.

నా అనుమానం మొదట వేరేచోటికి పోయింది. హాస్టల్ వదిలి వెళ్లినవాళ్లను అన్‌సెట్‌తో అర్రేలోంచి తీసేసే కోడ్ ఒకటి ఉంది. పీహెచ్‌పీలో ఒక ఐటమ్ తీసేస్తే మిగతావి ముందుకు జరగవు. 0, 1, 2, 3, 4 నంబర్ల ఐటమ్‌లలో 2 తీసేస్తే 0, 1, 3, 4 మిగులుతాయి. కౌంట్ మాత్రం 4 అంటుంది. మామూలు ఫర్ లూప్‌లో 0 నుంచి 3 దాకా తిరిగితే 2 దగ్గర ఖాళీ తగులుతుంది, 4 దగ్గరికి అసలు చేరం. అంటే చివరి పేరు పోతుంది! పాత సర్వర్‌లో నోటీసులు కనబడకుండా ఆపేశారు, 8లో అదే వార్నింగ్‌గా బయటపడింది. దొరికిందనుకుని అర్రే వాల్యూస్‌తో నంబర్లు మళ్లీ వరుసగా వేశాను. ఆ వార్నింగ్ పోయింది కానీ విజయ ఇంకా రెండుసార్లే ఉంది.

సాయంత్రం మా టీమ్‌లోని సీనియర్ అక్కకు చూపించాను. ఆవిడ స్క్రీన్ చూసి ఒకటే అడిగారు: "మొదటి లూప్ అయిపోయాక ఆ వేరియబుల్ ఏమైంది?"

"అయిపోయింది కదా అక్కా, ఇంకేముంటుంది?"

"వార్ డంప్ చేసి చూడు."

చేశాను. వేరియబుల్‌లో ఏముందో చూపించే ఆ ఫంక్షన్ ఇచ్చిన లిస్టులో, చివరి వరుస ముందు ఆంపర్‌శాండ్ కనిపించింది. అప్పుడు అర్థమైంది. పీహెచ్‌పీలో లూప్ ముగిసినా దాని వేరియబుల్ బతికే ఉంటుంది. ఆంపర్‌శాండ్ పెట్టామంటే అది కాపీ కాదు, ఆ ఐటమ్‌కే ఇంకో పేరు. ఇంట్లో ముద్దుపేరుతో పిలిచినా, బడిలో అసలు పేరుతో పిలిచినా పలికేది ఒకే పిల్ల కదా, అలాగన్నమాట. లూప్ ఆగేసరికి ఆ పేరు చివరి ఐటమ్ అయిన యామిని వరుసకు అంటుకుని ఉండిపోయింది. కింద లిస్టు ప్రింట్ చేసే లూప్‌లో కూడా నేను అదే వేరియబుల్ వాడాను. అది తిరిగిన ప్రతిసారీ ఆ విద్యార్థి వివరాలు యామిని వరుసలోనే పడుతూ వచ్చాయి.

అక్క కాగితం మీద 100, 200, 300 అని రాసి చూపించారు. రెండో లూప్ మొదటి తిరుగుడులో చివరిది 100 అవుతుంది, రెండో తిరుగుడులో 200 అవుతుంది. మూడోసారి చివరిదాన్నే చదవాలి, కానీ అక్కడ అప్పటికే 200 ఉంది. 100, 200, 200. ఒక్క ఐటమే ఉంటే అది తనలోకి తానే పడుతుంది, తేడా తెలియదు. నా టెస్టులో ఇది బయటపడకపోవడానికి కారణం అదే.

మొదటి లూప్ కింద ఆ వేరియబుల్‌ను అన్‌సెట్ చేస్తే సరిపోతుంది. ఐటమ్ పోదు, అంటుకున్న పేరు మాత్రమే విడిపోతుంది. పీహెచ్‌పీ మాన్యువల్‌లో కూడా ఇదే చెప్పారు. అయినా నేను ఆంపర్‌శాండ్ తీసేశాను. ఫోరీచ్‌లో కీ (ఐటమ్ నంబరు) కూడా తీసుకుని, ఆ కీతో అర్రేలోనే విలువ మార్చేలా రాశాను. ఒక లైన్ పొడుగైనా, ఏ ఐటమ్ మారుతోందో చదివేవాళ్లకు తెలుస్తుంది. ప్రాజెక్టంతా వెతికితే నేను పెట్టిన ఆంపర్‌శాండ్‌లు ఇంకో ఆరు దొరికాయి, వాటినీ అలాగే మార్చాను.

ఈసారి ఐదుగురి పేర్లతో, మధ్యలో ఒకరిని తీసేసి టెస్ట్ చేశాను. తర్వాత వార్డెన్ గారికి కొత్త లిస్టు పంపాను. విజయ ఒక్కసారే ఉంది. చివర్లో యామిని, ఆమె బిల్లుతో సహా.