ఈ వారమంతా తీసేయడమే పని

ఈ వారం నేను రాసిన కోడ్ కన్నా తీసేసిందే ఎక్కువ. పాత వెబ్‌సైట్ ప్రాజెక్టు ఒకటి నా చేతికొచ్చింది. పాపప్‌కి ఒక లైబ్రరీ (ఎవరో రాసిపెట్టిన రెడీమేడ్ కోడ్), స్టైల్స్ ఒకదాన్లో ఒకటి రాసుకోడానికి సాస్, పేజీలో ఎలిమెంట్లు వెతకడానికి జేక్వెరీ.

ఇప్పుడు వీటిలో చాలా పనులు బ్రౌజరే చేసిపెడుతోంది. పాపప్ చూపించే డైలాగ్ ట్యాగ్ 2022 నుంచి క్రోమ్, ఫైర్‌ఫాక్స్, సఫారీ మూడింట్లోనూ ఉంది. దాన్ని showModal()తో తెరిస్తే చాలు, ఎస్కేప్ కొడితే మూసుకోవడం, వెనకున్న పేజీ మీద క్లిక్ పడకుండా ఆపడం అన్నీ అదే చూసుకుంటుంది. స్టైల్స్ ఒకదాన్లో ఒకటి రాసుకోవడం, అదే నెస్టింగ్, 2023లో నేరుగా సీఎస్ఎస్‌లోకే (బ్రౌజర్‌కి అర్థమయ్యే స్టైల్స్ భాష) వచ్చేసింది. ఆ ఏడాది చివర్లో ఫైర్‌ఫాక్స్ కూడా 'హ్యాజ్' సెలెక్టర్ ఇచ్చింది. ఇక లోపల ఏముందో చూసి బయటి డబ్బా రంగు మార్చడానికి జావాస్క్రిప్ట్ అక్కర్లేదు. నాకైతే వీటన్నిటిలో ఇదే ముద్దు.

కొత్త ఫ్రేమ్‌వర్క్ (యాంగ్యులర్, రియాక్ట్ లాంటి, వెబ్‌సైట్లు కట్టే రెడీమేడ్ చట్రం) వచ్చిందనగానే రాత్రికి రాత్రే ట్యుటోరియల్ ముందు కూర్చునే ఓపిక ఇప్పుడు లేదు. (అమీర్‌పేట కోచింగ్ బోర్డులకు ఉంటుంది ఆ ఓపిక!) 2016లో యాంగ్యులర్ 2 వచ్చినప్పుడు పాత యాంగ్యులర్‌జేఎస్ వాళ్లు దాదాపు మొదటి నుంచి నేర్చుకోవాల్సి వచ్చింది. జావాస్క్రిప్ట్ గట్టిగా వచ్చినవాళ్లు తొందరగా తేరుకున్నారు. అందుకే నేనిప్పుడు బ్రౌజర్ల రిలీజ్ నోట్సే ఎక్కువ చదువుతున్నా.

టీమ్‌లో కొత్తగా చేరిన తమ్ముడు అడిగాడు, "అన్నా, ఇంతకీ రియాక్ట్ నేర్చుకోవాలా వద్దా?"

నేర్చుకోరా, ఉద్యోగాలు అందులో ఉన్నాయి. కాకపోతే ముందు ఫెచ్ (సర్వర్ నుంచి డేటా తెచ్చేది), ఈవెంట్లు (క్లిక్కుల్లాంటివి) బ్రౌజర్‌లో ఎలా నడుస్తాయో చూడు అని చెప్పా. ఇక నా ప్రాజెక్టులో సాస్ ఇంకా పూర్తిగా పోలేదు, మిక్సిన్లు (మళ్లీ మళ్లీ వాడుకునే స్టైల్ ముక్కలు) మిగిలాయి. వాటి సంగతి సోమవారం.