హిస్టరీ ఆప్షనల్‌లో అమెరికా రాజ్యాంగం: నేను ఎలా చదివానంటే

సివిల్స్ ఫైనల్ లిస్టులో పేరు చూసుకున్నప్పటి నుంచి ఫోన్ మోగుతూనే ఉంది. ఎక్కువ మంది అడుగుతున్నది ఒకటే: తెలుగు మీడియంలో, హిస్టరీ ఆప్షనల్‌తో, అందరూ భయపడే వరల్డ్ హిస్టరీని ఎలా లాక్కొచ్చావని. టైమ్‌టేబుళ్లు, బుక్‌లిస్టులు మీకు ఎక్కడైనా దొరుకుతాయి. నేను పేపర్-2 సిలబస్‌లోని ఒక్క లైను గురించే రాస్తాను. 'అమెరికా విప్లవం, రాజ్యాంగం.'

ఇంతకుముందు మెయిన్స్‌లో నేనూ అందరిలాగే చదివి వెళ్లాను. 1765 స్టాంపు చట్టం, 1773 బోస్టన్ టీ పార్టీ, 1776 స్వాతంత్ర్య ప్రకటన. ఆ తర్వాత రాజ్యాంగ లక్షణాలు: లిఖిత రాజ్యాంగం, ఫెడరలిజం (కేంద్రం, రాష్ట్రాలు అధికారాలు పంచుకోవడం), అధికారాల విభజన, న్యాయ సమీక్ష (రాజ్యాంగానికి విరుద్ధమైన చట్టాన్ని కోర్టు కొట్టేయడం). పైన లాక్, మాంటెస్క్యూ లాంటి రాజకీయ తత్వవేత్తల పేర్లు. ఆ ఏడాది పేపర్-2 మార్కులు ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. తర్వాత ఒక టెస్టు సిరీస్‌లో పేపర్ దిద్దిన సార్ మార్జిన్‌లో ఇలా రాశారు: "1776 నుంచి 1787కి దూకేశావు. మధ్యలో పదకొండేళ్లు వాళ్లు ఏం చేస్తున్నట్టు?" నా ప్రిపరేషన్ మలుపు తిరిగింది అక్కడే.

ఆ పదకొండేళ్లలోనే అసలు కథంతా ఉంది. అమెరికాకు అప్పటికే ఒక రాజ్యాంగం ఉంది: 1777లో రాసుకుని 1781లో అమల్లోకి తెచ్చుకున్న ఆర్టికల్స్ ఆఫ్ కాన్ఫెడరేషన్. దాని ప్రకారం కేంద్రానికి పన్ను వేసే అధికారం లేదు. రాష్ట్రాలను అడగాలి, వాళ్లు ఇస్తే తీసుకోవాలి. పాలన నడిపే అధ్యక్షుడు లేడు, జాతీయ కోర్టుల వ్యవస్థ లేదు. ఏ మార్పు చేయాలన్నా 13 రాష్ట్రాలూ ఒప్పుకోవాలి. దిగుమతుల మీద 5 శాతం సుంకం వేసుకుంటామని 1781లో కాంగ్రెస్ అడిగితే రోడ్ ఐలాండ్ కాదంది. 1783లో మళ్లీ అడిగితే చివరికి న్యూయార్క్ దగ్గర ఆగిపోయింది. యుద్ధం గెలిచిన దేశం అప్పులకు వడ్డీ కట్టలేని స్థితిలో పడింది.

ఇక 1786లో పశ్చిమ మసాచుసెట్స్ రైతులు తిరగబడ్డారు. రాష్ట్రం పన్నులు పెంచింది, అప్పులిచ్చినవాళ్లు కోర్టులకెక్కి పొలాలు జప్తు చేయిస్తున్నారు. రైతులు వెళ్లి కోర్టులు నడవకుండా అడ్డుకున్నారు. వాళ్ల నాయకుల్లో ఒకరైన డేనియల్ షేస్ స్వాతంత్ర్య యుద్ధంలో కెప్టెన్‌గా పోరాడినవాడు. 1787 జనవరిలో స్ప్రింగ్‌ఫీల్డ్ ఆయుధాగారం మీదికి వెళ్లారు. అణచడానికి కేంద్రం దగ్గర సరిపడా సైన్యమూ లేదు, డబ్బూ లేదు. బోస్టన్ వ్యాపారులు చందాలేసుకుంటే రాష్ట్రం సైన్యాన్ని కూడగట్టింది. ఆ మే నెలలోనే కొత్త రాజ్యాంగం రాసిన ఫిలడెల్ఫియా సమావేశం మొదలైంది. ఇది తెలిశాక ఆ హాలులో కూర్చున్న 55 మందికి రెండు భయాలున్నాయని అర్థమైంది. బ్రిటన్ రాజు జార్జ్-3 లాంటి పాలకుడు మళ్లీ వస్తాడేమోనన్నది ఒకటి, షేస్ లాంటివాళ్లు ఇంకా లేస్తారేమోనన్నది రెండోది. ప్రభుత్వానికి బలం ఇవ్వాలి, ఆ బలానికి పగ్గాలూ వేయాలి. నేను బట్టీపట్టిన లక్షణాలు చాలావరకు ఈ ఇరకాటంలోంచి వచ్చినవే.

ద్విసభా విధానాన్నే చూడండి. నేను దాన్ని ఒక్క ముక్కలో రాసేసేవాణ్ని. నిజానికి సమావేశం దాని మీద విరిగిపోయేంత పనైంది. జనాభాను బట్టి సీట్లు కావాలని వర్జీనియా ప్లాన్, రాష్ట్రానికో సమాన ఓటని న్యూజెర్సీ ప్లాన్. జూలై 16న రాజీ కుదిరింది: కింది సభ జనాభా లెక్కన, సెనేట్‌లో అందరూ సమానం. ఆ జనాభా లెక్కలోనే బానిసల్ని ఐదింట మూడు వంతులుగా కలుపుకున్నారు. బానిసల దిగుమతిని 1808 వరకు కాంగ్రెస్ ఆపకూడదని కూడా రాసుకున్నారు. చాలామంది దీన్ని జవాబు చివర 'విమర్శ' కింద పెడతారు. నా ఉద్దేశంలో ఇది మధ్యలోనే రావాలి. ఆ బేరం లేకుండా దక్షిణాది సంతకం పెట్టేది కాదు.

మాంటెస్క్యూ సంగతి ఇంకా తమాషా. అధికారాల విభజనకు ఆయన పేరు అందరం రాస్తాం. రాజ్యాంగాన్ని వ్యతిరేకించిన యాంటీ ఫెడరలిస్టులు కూడా ఆయన్నే చూపించారు, గణతంత్రం చిన్న దేశంలోనే బతుకుతుందని ఆయన అన్నాడు కాబట్టి. రాజ్యాంగాన్ని సమర్థిస్తూ వచ్చిన 'ఫెడరలిస్టు' వ్యాసాల్లో పదోదాంట్లో మాడిసన్ దీన్ని తిరగేశాడు: దేశం పెద్దదైతే వర్గాలు ఎక్కువవుతాయి, ఏ ఒక్క వర్గమూ మిగతావాళ్లను తొక్కలేదు. ఈ ఒక్క పాయింటు రాస్తే మీ పేపర్ పక్కవాడి పేపర్‌లా ఉండదు. న్యాయ సమీక్షను మాత్రం 1787 లక్షణంగా రాయకండి. రాజ్యాంగంలో ఆ మాట లేదు. హామిల్టన్ ఆ ఫెడరలిస్టు వ్యాసాల్లోనే 78వదాంట్లో దాని కోసం వాదించాడు, సుప్రీంకోర్టు 1803లో మార్బరీ కేసులో స్థిరపరిచింది. హక్కుల జాబితా కూడా మొదట లేదు, అందుకే సమావేశంలో కూర్చున్న జార్జ్ మేసన్ సంతకం పెట్టలేదు. ఆ హక్కులిచ్చిన పది సవరణలు వచ్చింది 1791లో.

ఒక్క టాపిక్‌కి ఇన్ని రోజులా అని అశోక్‌నగర్‌లో రూమ్మేట్లు నవ్వారు. నవ్వనివ్వండి. జనరల్ స్టడీస్ రెండో పేపర్ (జీఎస్-2)లో ఇతర దేశాల రాజ్యాంగాలతో పోలిక ఉంది కదా, అక్కడ ఇదే పనికొచ్చింది. మన రాజ్యాంగ సభ సలహాదారు బి.ఎన్. రావు అమెరికా వెళ్లి అక్కడి సుప్రీంకోర్టు జడ్జి జస్టిస్ ఫ్రాంక్‌ఫర్టర్‌ను కలవడం, ప్రాణానికి, వ్యక్తిగత స్వేచ్ఛకు రక్షణ ఇచ్చే మన 21వ అధికరణలోకి 'డ్యూ ప్రాసెస్' (న్యాయమైన ప్రక్రియ) అన్న మాట రాకపోవడం గురించి రాయాలంటే అక్కడి కోర్టుల కథ తెలిసి ఉండాలి. మీడియం మార్చుకో అన్నవాళ్లకూ ఇదే నా జవాబు: విషయం తలకెక్కితే ఏ భాషలోనైనా రాయొచ్చు. ఎక్కాలంటే రోజూ కూర్చోవాలి. చిక్కడపల్లి లైబ్రరీలో సీటు కోసం పొద్దున్నే వచ్చి, మధ్యాహ్నమంతా టీ కొట్టు దగ్గర కటాఫ్‌ల లెక్కలేసేవాళ్లను చాలామందిని చూశాను. టెన్షన్ అందరికీ ఉంటుంది తమ్ముళ్లూ, ఫోన్ పక్కన పెట్టి రోజుకు రెండు జవాబులు రాయడం మాత్రం మన చేతిలో పనే.

మిగతా వరల్డ్ హిస్టరీ నేను ఇంత లోతుగా చదవలేదు, ఫ్రెంచ్ విప్లవం తప్ప. రివిజన్‌కి ఒక పేజీ నోట్స్ చాలు. రాజ్యాంగం రాసినవాళ్లు తమ ఆర్థిక ప్రయోజనాలు చూసుకున్నారని చరిత్రకారుడు బియర్డ్ 1913లో చెప్పిన వాదనను, 1950ల్లో దాని మీద వచ్చిన విమర్శను రెండు వాక్యాల్లో పెట్టుకోండి. ప్రశ్న విప్లవం గురించే అడిగితే మాత్రం ఫిలడెల్ఫియా జోలికి పోకుండా, యుద్ధం ముగిసిన 1783 దగ్గర ఆపేయండి.