ఒహాయో బిడ్డలు, ఒహాయో ముద్రలు: నా స్టాంపుల ఆల్బమ్ ఎంతవరకు వచ్చిందంటే

అమెరికా స్టాంపులన్నీ పోగేయాలన్న కోరిక నాకెప్పుడూ లేదు. కొలంబస్‌లో ఉంటున్నాను కాబట్టి ఒహాయో ఒక్కటి చాలనుకున్నాను. అందులోనూ ఈ రాష్ట్రంలో పుట్టి స్టాంపుకెక్కిన మనుషులు మాత్రమే. ఒక పేజీలో స్టాంపు, దాని పక్కన ఆ మనిషి పుట్టిన ఊరి తపాలా ముద్ర ఉన్న కవరు. ఈ రెండోదే ఆల్బమ్‌కి ప్రాణం. ముఖాలు ఏ కేటలాగులోనైనా దొరుకుతాయి. మైలన్, నైల్స్, వాపకొనెటా లాంటి ఊళ్ళ పేర్లు గుండ్రటి ముద్రలో కనిపిస్తేనే ఈ మనుషులు ఎక్కడినుంచి బయల్దేరారో తెలుస్తుంది.

ఎవరు ఒహాయో వాళ్ళు?

ముందు ఇది తేల్చుకోకపోతే పని నడవదు. ఇక్కడివాళ్ళు తమది ఎనిమిది మంది అధ్యక్షుల రాష్ట్రమని గర్వంగా చెప్పుకుంటారు. పుట్టుక లెక్కన ఏడుగురే: గ్రాంట్, హేస్, గార్‌ఫీల్డ్, బెంజమిన్ హ్యారిసన్, మకిన్లీ, టాఫ్ట్, హార్డింగ్. ఎనిమిదో ఆయన, అంటే బెంజమిన్ తాతగారైన విలియం హెన్రీ హ్యారిసన్, వర్జీనియాలో పుట్టి, సిన్సినాటి దగ్గరి నార్త్ బెండ్‌లో స్థిరపడ్డారు. సమాధి కూడా అక్కడే. రైట్ సోదరుల్లో ఆర్విల్ 1871లో డేటన్‌లో పుట్టారు. అన్న విల్బర్ 1867లో ఇండియానాలో పుట్టారు. ఒలింపిక్ పరుగు వీరుడు జెస్సీ ఓవెన్స్ పుట్టింది అలబామాలో, పరుగు నేర్చుకున్నది క్లీవ్‌లాండ్‌లో.

అందుకని కుడి పేజీ పుట్టినవాళ్ళకి, ఎడమ పేజీ వచ్చి ఎదిగినవాళ్ళకి అని పెట్టుకున్నాను. దీనివల్ల ఏడేళ్ళకే మిషిగన్ వెళ్ళిపోయిన ఎడిసన్ కుడివైపుకీ, ఒహాయో స్టేట్ యూనివర్సిటీ తరఫున పరుగెత్తిన ఓవెన్స్ ఎడమవైపుకీ వచ్చారు. మనసుకి కొంచెం కష్టంగానే ఉంది కానీ ఆల్బమ్ తెరిస్తే ఇద్దరూ ఎదురెదురుగా ఉంటారు, అది చాలు.

అధ్యక్షుల పేజీలు పూర్తయ్యాయి

కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకి నేను చెప్పేది 1938 నాటి అధ్యక్షుల వరుసతో మొదలుపెట్టమని. ఎన్నవ అధ్యక్షుడైతే స్టాంపు వెల అన్ని సెంట్లు ఉండేలా ఆ వరుసను అమర్చారు. గ్రాంట్ 18 సెంట్లు, హేస్ 19, గార్‌ఫీల్డ్ 20. తర్వాత అధ్యక్షుడు గ్రోవర్ క్లీవ్‌లాండ్ రెండు విడతలుగా పదవిలో ఉండటంతో లెక్క కాస్త జరిగి, 23వ అధ్యక్షుడైన బెంజమిన్ హ్యారిసన్ 24 సెంట్ల మీదికి వెళ్ళారు. మకిన్లీ 25, టాఫ్ట్ 50 సెంట్లు, హార్డింగ్ రెండు డాలర్లు. తాత హ్యారిసన్ 9 సెంట్ల మీద ఉన్నారు, ఆయనది ఎడమ పేజీ. స్టాంపులకు నంబర్లిచ్చే స్కాట్ కేటలాగులో ఈ వరుస 803 నుంచి 834 దాకా ఉంటుంది. వాడిన నకళ్ళయితే ఈ ఏడుగురూ తక్కువ ఖర్చుతోనే దొరుకుతారు. చిన్న స్టాంపులకు 22 × 25 మిల్లీమీటర్ల మౌంట్లు, అంటే స్టాంపును దూర్చి పేజీకి అంటించే పారదర్శక తొడుగులు, సరిపోతాయి. నల్ల వెనుకభాగం ఉన్న మౌంట్లు వాడుతున్నాను, లేత రంగులు వాటి మీద బాగా తేలతాయి.

ఈ పేజీల్లో నాకు ఎక్కువ ఇష్టమైనది మాత్రం ఈ వరుసలోది కాదు, 1923 నాటి నల్ల హార్డింగ్. ఆయన ఆగస్టు 2న పదవిలో ఉండగానే కన్నుమూశారు. సెప్టెంబరు 1 కల్లా రెండు సెంట్ల సంతాప స్టాంపు, ఆయన సొంత ఊరు మేరియన్‌లో విడుదలైపోయింది. దీన్ని కొనేటప్పుడు పర్ఫరేషన్ గేజ్, అంటే స్టాంపు అంచు చిల్లులు రెండు సెంటీమీటర్లలో ఎన్నున్నాయో చూపే కొలబద్ద, దగ్గర పెట్టుకోవాలి. బల్లపరుపు పలకతో అచ్చయినదానికి చిల్లుల కొలత 11. రోటరీ యంత్రం మీద అచ్చయినదానికి 10. రోటరీ పలక వంపుగా ఉంటుంది కాబట్టి బొమ్మ నిలువున పిసరంత పొడుగ్గా వస్తుంది. రోటరీ అచ్చులో 11 కొలత ఉన్నది చాలా అరుదు, వెల చుక్కల్లో ఉంటుంది. నిపుణుల ధ్రువపత్రం లేకుండా అలాంటిది ఎవరు అమ్మజూపినా కొనకండి. మామూలు నల్ల హార్డింగ్ ఏ డీలరు దగ్గరైనా చవకగా దొరుకుతుంది. నా దగ్గరున్నది అదే.

హేస్ 11 సెంట్ల స్టాంపు 1922 అక్టోబరు 4న, ఆయన శతజయంతి రోజున, ఆయన నివాసమున్న ఫ్రీమాంట్‌లో విడుదలైంది. నీలం నుంచి ఆకుపచ్చ దాకా దీనికి ఎన్నో ఛాయలున్నాయి. స్టాంపు సంపాదించాను. ఫ్రీమాంట్ ముద్రతో ఆ తేదీ ఉన్న కవరు మాత్రం నా బడ్జెట్‌కి ఇంకా అందలేదు.

పేరు లేని ఇద్దరు

ఒహాయో నుంచి నింగికెగిరిన ఇద్దరికీ పేజీలు పెట్టాలంటే ఒక చిక్కుంది. బతికున్నవాళ్ళను స్టాంపు మీద వెయ్యకూడదన్నది అప్పటి అమెరికా తపాలా నియమం. మన దగ్గర ఇంత పట్టింపు లేదు. మహిళా విద్య కోసం పాటుపడిన కర్వే గారికి 1958లో, హైదరాబాద్‌ను మూసీ వరదల నుంచి కాపాడిన విశ్వేశ్వరయ్య గారికి 1960లో, ఇద్దరూ జీవించి ఉండగానే స్టాంపులు వేశాం.

జాన్ గ్లెన్ కేంబ్రిడ్జ్ ఊళ్ళో 1921లో పుట్టారు. 1962 ఫిబ్రవరి 20న ఆయన భూమి చుట్టూ మూడుసార్లు తిరిగి సముద్రంలో దిగారో లేదో, దేశమంతటా ఎంపిక చేసిన తపాలా కార్యాలయాల్లో సీలు వేసిన పొట్లాలు విప్పి నాలుగు సెంట్ల ప్రాజెక్ట్ మెర్క్యురీ స్టాంపు అమ్మడం మొదలుపెట్టారు. అంతవరకూ అలాంటి స్టాంపు ఒకటుందన్న సంగతే బయటికి పొక్కనివ్వలేదు. ప్రయాణం విఫలమై ఉంటే ఆ పొట్లాలు ఎవరూ చూసేవారు కాదు. స్టాంపు మీద ఫ్రెండ్‌షిప్ 7 నౌక ఉంటుంది, గ్లెన్ ముఖం ఉండదు. స్కాట్ నంబరు 1193. స్టాంపుకి చిల్లరే, కవరు వెతకడంలోనే ఆనందమంతా. అధికారిక తొలిరోజు ముద్ర కేప్ కెనావెరల్‌ది. అదే తేదీతో కేంబ్రిడ్జ్ ముద్ర ఉన్న కవరు ఎక్కడైనా కనబడితే నాకు చెప్పండి.

నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్ పుట్టింది 1930లో, వాపకొనెటాలో. చంద్రుడి మీద తొలి అడుగు స్టాంపు, 10 సెంట్ల ఎయిర్‌మెయిల్, స్కాట్ సి76, 1969 సెప్టెంబరు 9న వచ్చింది. చిత్రకారుడు పాల్ కాల్. ఈ స్టాంపు మూల అచ్చును అపోలో 11 తనతోపాటు చంద్రుడి దాకా తీసుకెళ్ళి వెనక్కి తెచ్చింది. నిచ్చెన దిగి కాలు మోపుతున్న వ్యోమగామి పేరు ఎక్కడా రాయలేదు. భూతద్దం పెట్టి భుజం మీది జెండా చూడండి, ఎరుపు పడకుండా అచ్చయిన అరుదైన నకళ్ళున్నాయి. రసాయనాలతో ఆ ఎరుపును తీసేసి అమ్మేవాళ్ళూ ఉన్నారు, కాబట్టి ఇక్కడా ధ్రువపత్రమే దిక్కు.

డేటన్ పేజీ

దీని మీద అన్నిటికన్నా ఎక్కువ సమయం పెట్టాను, ఇంకా పెడతాను. 1978లో డేటన్‌లో విడుదలైన 31 సెంట్ల జంట స్టాంపుల మీద రైట్ అన్నదమ్ములిద్దరూ ఉంటారు. విడదీస్తే అందం పోతుంది, జంటగానే కొనండి. దాని కింద 1975 మే 1న అదే ఊళ్ళో విడుదలైన 10 సెంట్ల పాల్ లారెన్స్ డన్‌బార్.

డన్‌బార్ 1872లో డేటన్‌లో పుట్టారు. తల్లిదండ్రులిద్దరూ కెంటకీలో బానిసత్వంలో మగ్గినవాళ్ళు. డేటన్ సెంట్రల్ హైస్కూల్లో తన తరగతిలో ఏకైక నల్లజాతి విద్యార్థి. అదే తరగతిలో ఆర్విల్ రైట్ చదివారు. విమానం జోలికి వెళ్ళకముందు రైట్ సోదరులకు ముద్రణాలయం ఉండేది. 1890లో డన్‌బార్ నల్లజాతి పాఠకుల కోసం నడిపిన డేటన్ టాట్లర్ పత్రికను వాళ్ళే అచ్చువేశారు. డబ్బుల్లేక పత్రిక త్వరలోనే ఆగిపోయింది. డన్‌బార్ చదువయ్యాక లిఫ్ట్ నడిపే ఉద్యోగం చేస్తూ కవిత్వం రాశారు, దేశమంతా పేరు తెచ్చుకున్నారు, 33 ఏళ్ళకే, 1906లో, క్షయతో పోయారు. అప్పటికి మిత్రుడి విమానం ఎగిరి మూడేళ్ళు దాటలేదు. ఇద్దరినీ ఒకే పేజీలో పెట్టడానికి ఇంతకన్నా కారణం అక్కర్లేదు. ఈ పేజీ వివరణ మాత్రం చేత్తో, ఆమ్లం లేని కాగితం మీద, పిగ్మెంట్ ఇంకుతో రాశాను.

తక్కిన కొందరు

డార్క్ కౌంటీలో పుట్టిన గురికత్తె ఆనీ ఓక్లీ 1994 నాటి పడమటి వీరుల షీటులో, 29 సెంట్ల స్టాంపు మీద ఉన్నారు. ఆ షీటుకి పెద్ద కథే ఉంది. బిల్ పికెట్ అనే కౌబాయ్ బొమ్మకు బదులు ఆయన సోదరుడి బొమ్మ అచ్చయిందని కుటుంబసభ్యులు చెప్పడంతో వెనక్కి పిలిపించి మళ్ళీ అచ్చువేశారు. అప్పటికే కొన్ని బయటికి పోయాయి. ఆ తర్వాత తపాలా శాఖే లక్షా యాభై వేల పాత షీట్లను లాటరీ పద్ధతిలో అమ్మింది. హాస్య రచయిత జేమ్స్ థర్బర్ కూడా 1994లోనే. కొలంబస్ వాళ్ళు కాబట్టి ఆ కవరు నాకు సులువైంది. క్లీవ్‌లాండ్‌లో పుట్టిన రచయిత చార్లెస్ చెస్నట్ 2008లో వచ్చారు.

లొరైన్‌లో 1931లో పుట్టిన నవలా రచయిత్రి టోనీ మారిసన్ ఫరెవర్ స్టాంపు (రేటు పెరిగినా చెల్లే రకం) 2023లో వచ్చింది. విడుదల ఆవిడ పాఠాలు చెప్పిన ప్రిన్స్‌టన్‌లో జరిగింది, కనుక లొరైన్ ముద్ర నేనే సంపాదించుకోవాలి.

ఇక్కడ ఒక పని సంగతి. పాత స్టాంపులను కవరు ముక్కతో సహా గోరువెచ్చని నీళ్ళలో పావుగంట ఉంచితే జారిపోతాయి. ఈ మధ్య ఏళ్ళలో వచ్చిన అంటుకునే రకం స్టాంపులు నీళ్ళకు లొంగవు. నారింజ నూనెతో చేసిన ఎయిర్ ఫ్రెషనర్ వెనకవైపు చల్లి, నెమ్మదిగా ఒలిచి, జిగురు మీద టాల్కం పౌడర్ అద్దేవాళ్ళున్నారు. నేనైతే చుట్టూ అర సెంటీమీటరు కాగితం వదిలి కత్తిరించి అలాగే పెట్టేస్తున్నాను. కాకినాడ, విజయవాడ లాంటి చోట్ల ఇలాంటి ఆల్బమ్ మొదలుపెట్టేవాళ్ళు జిగురున్న కొత్త స్టాంపుల కన్నా వాడినవే కొనుక్కోవడం మేలు. ఆ ఉక్కకి జిగురు పేజీకి పట్టేస్తుంది. ఆల్బమ్‌లను పడుకోబెట్టకుండా నిలబెట్టి, బీరువాలో సిలికా జెల్ పొట్లాలు వేసి ఉంచండి.

78 సెంట్ల కవర్లు

ఈ శీతాకాలమంతా దీనితోనే గడిచింది. 1860 తర్వాత వచ్చిన అమెరికా తపాలా స్టాంపులు వాడకుండా ఉంటే నేటికీ చెల్లుతాయి, ఎయిర్‌మెయిల్‌వి కూడా. బకాయి వసూలు స్టాంపులు, సర్టిఫైడ్ మెయిల్ స్టాంపుల లాంటివి మాత్రం చెల్లవు. 2025 జూలైలో మామూలు ఉత్తరం రేటు 78 సెంట్లయింది. ఆ 78ని ఒహాయో వాళ్ళతోనే నింపాలి.

50 సెంట్ల టాఫ్ట్, 25 సెంట్ల మకిన్లీ, 1947లో మైలన్‌లోనే విడుదలైన మూడు సెంట్ల ఎడిసన్: సరిగ్గా 78. ఇది ఫిబ్రవరి 11న, ఎడిసన్ పుట్టినరోజున, మైలన్ ముద్ర కోసం. 18 సెంట్ల గ్రాంట్, 50 టాఫ్ట్, 10 డన్‌బార్: మళ్ళీ 78, ముగ్గురూ నైరుతి ఒహాయో బిడ్డలే. తాత హ్యారిసన్ 9, మనవడు 24, గార్‌ఫీల్డ్ 20, మకిన్లీ 25 కలిపినా అంతే. రైట్ జంట 62, చంద్రుడి మీద అడుగు 10, మెర్క్యురీ 4, ఎడిసన్ దీపానికి యాభై ఏళ్ళని 1929లో వేసిన రెండు సెంట్లు కలిపితే ఐదు స్టాంపుల 78. ఈ చివరిది కుదిరిన రాత్రి సంతోషం పట్టలేక ఇంట్లో అందరికీ చూపించాను.

ఇలాంటి కవర్లకి జిగురు చెడినవి, హింజ్ (ఆల్బమ్‌కి అంటించే చిన్న కాగితపు ముక్క) గుర్తులున్నవి కొనండి, బాగా చవక. జిగురు లేకపోతే గ్లూ స్టిక్ సరిపోతుంది. కవరును డబ్బాలో పడేస్తే పెద్ద కేంద్రంలో యంత్రం ముద్ర కొట్టేస్తుంది, చిన్న ఊరి పేరు రాదు. కాబట్టి నా చిరునామా రాసి స్టాంపులు అంటించిన కవరును ఇంకో పెద్ద కవరులో పెట్టి, ఆ ఊరి పోస్ట్‌మాస్టర్ పేరిట పంపుతున్నాను. లోపల ఒక చీటీ: చేత్తో గుండ్రటి ముద్ర వేయమని, ఏ తేదీ కావాలో, మూడు వాక్యాల్లో, ధన్యవాదాలతో. కవరు లోపల పలచటి అట్ట పెడితే ముద్ర స్పష్టంగా పడుతుంది. దళసరి అట్ట పెడితే కవరు వంగదు, అదనపు చార్జీ పడుతుంది. కావలసిన తేదీకి వారం ముందే చేరేలా పంపాలి. మైలన్ నుంచి వచ్చిన ముద్రలో ఊరి పేరు, తేదీ రెండూ విడివిడిగా చదవొచ్చు, మకిన్లీ గడ్డానికి కూడా అంటకుండా పడింది.

ఇక మిగిలినవి: జనవరి 29న మకిన్లీకి నైల్స్, ఫిబ్రవరి 18న టోనీ మారిసన్‌కి లొరైన్, ఆగస్టు 5న ఆర్మ్‌స్ట్రాంగ్‌కి వాపకొనెటా. మొదటి రెండూ ఈసారి దాటిపోయాయి, వచ్చే ఏడాదికి రాసిపెట్టుకున్నాను. వాపకొనెటా కవరు మీద స్టాంపులు అంటించి, చీటీ రాసి సిద్ధంగా ఉంచాను. జూలైలో రేటు పెరిగితే ఆ తేడాకి చోటు కావాలని కుడివైపు పైమూలలో రెండు స్టాంపుల జాగా వదిలాను.