జపనీస్ సాధన: చుక్క పెట్టకుండా ఎంత దూరం?

జపనీస్ మొదలుపెట్టి ఏడాది దాటింది. హిరగాన, కతకాన లిపులు వచ్చేశాయి, కంజి అనే బొమ్మల్లాంటి అక్షరాలు నెమ్మదిగా పట్టుబడుతున్నాయి. నోరు విప్పితే మాత్రం మూడు ముక్కలకే వాక్యం ఆగిపోతోంది. "లేచాను. అంబాజీపేట వెళ్లాను. కాయలు అమ్మాను." ఒసాకాలో ఉద్యోగం చేస్తున్న మా అన్నయ్య కూతురు ఫోనులో ఇది విని, "తెలుగులో ఊపిరి తీసుకోకుండా మాట్లాడతారు కదా బాబాయ్, జపనీస్‌లో టెలిగ్రాములు ఇస్తారెందుకు?" అంది.

పరీక్షల కోసం చదివేవారందరిదీ ఇదే అవస్థ అనుకుంటాను. జపనీస్ ప్రావీణ్యాన్ని కొలిచే జేఎల్‌పీటీ పరీక్షలో ఎన్5 నుంచి ఎన్1 దాకా ఏ మెట్టులోనూ మాట్లాడే పరీక్ష లేదు.

సంక్రాంతి తరువాత

ఇంగ్లీషు వివరణలు పక్కన పెట్టాను. ఇంగ్లీషు మీదుగా వెళితే ప్రతి వాక్యాన్నీ తలకిందులు చేయాలి. తెలుగు నుంచి వెళితే క్రియ రెండు భాషల్లోనూ చివరే ఉంటుంది. అతుకులు కూడా అవే. "తబెరు" "తబెతె" అవుతుంది, "నొము" "నొన్దె", "ఇకు" "ఇత్తె": తిని, తాగి, వెళ్లి. కాలమేదో చివరి క్రియ చెబుతుంది. మర్యాద సూచించే "మసు" కూడా మామూలుగా ఆ చివర ఒక్కచోట చేరిస్తే చాలు. మధ్యలో ప్రతి క్రియకూ "మసు" తగిలించాలన్న బెంగ పోయాకే నాకు సగం ధైర్యం వచ్చింది.

సాధనకు ఆత్రేయపురం పూతరేకులను ఎంచుకున్నాను. బియ్యం నానబెట్టి, రుబ్బి, పల్చగా కలిపి, బట్ట ముంచి, బోర్లించిన వేడి కుండ మీద పరిచి, రేకు తీసి, నెయ్యి రాసి, పంచదార పొడి చల్లి, మడతపెడతారు. తెలుగులో ఇదంతా ఒకే వాక్యం. జపనీస్‌లో ముందు "మడతపెడతారు" ఒక్కటే చెప్పాను. తరువాత దానికి ముందు "పొడి చల్లి" చేర్చాను, ఆపైన "నెయ్యి రాసి". ఇలా వెనుక నుంచి కట్టుకుంటూ వస్తే, నోరు ఎప్పుడూ బాగా తెలిసిన చోటికే పోతుంది. ముందు నుంచి కట్టితే చివరి క్రియ దగ్గరకు వచ్చేసరికి నాలుక తడబడుతుంది. ఈ ఒక్క పద్ధతి ఇచ్చిన ఫలితం మిగతావన్నీ కలిపినా ఇవ్వలేదు.

వేసవి

అసలు రుచి ఇక్కడ దొరికింది. "తబెతె మిమసు" అంటే తిని చూస్తాను. "మిరు" అంటే చూడటమే! "త్సుకుత్తె ఒకిమసు" చేసి ఉంచుతాను, "కొబొరెతె షిమైమషిత" ఒలికిపోయింది. వంటింట్లో తిరుగుతూ జరిగిన పనినల్లా ఇలా చెప్పుకుంటే పదాలు కొత్తగా నేర్చుకోకపోయినా వాక్యం సాగుతుంది.

"చేసిపెట్టడం" దగ్గర మాత్రం తెలుగు చేయి వదిలేస్తుంది. ఎవరైనా నాకు చేసిపెడితే "కురెరు", నేను మరొకరికి చేసిపెడితే "అగెరు". మనకు రెండింటికీ ఒకటే "పెట్టు". దీనికి దగ్గరి దారి లేదు. ఇంట్లో ఎవరు ఎవరికి ఏం చేసినా వెంటనే పైకి చెప్పుకోవడమే. కాఫీ ఇచ్చినప్పుడల్లా జపనీస్‌లో కృతజ్ఞతలు వినాల్సి రావడం మా ఆవిడకు పెద్దగా నచ్చలేదు.

తొలకరి

కోటిపల్లి రేవులో పంటు కదిలినప్పుడు మొదలుపెట్టి ముక్తేశ్వరం ఒడ్డు చేరేదాకా కనిపించినది చెబుతూ పోవడం ఇప్పటి అలవాటు. చెవిలో ఇయర్‌ఫోను ఉంటే ఎవరూ వింతగా చూడరు. ఫోనులో రికార్డు చేసి, రాత్రికి విని, ఆగిన చోట్లు మాత్రమే రాసుకుంటాను. ఎక్కువ ఆగిపోతున్నది కారణం చెప్పేటప్పుడే. "గౌతమిలో నీరు పెరిగింది కాబట్టి" అనడానికి చివర "కర" చేరిస్తే సరిపోతుంది, వరుస మనదే. "అని అనుకుంటున్నాను"కు "తొ ఒమొఇమసు" ఉంది. దాని ముందు క్రియకు "మసు" ఉండదు.

ఇంకొక సంగతి. జపాన్‌వారు వింటూ "ఉన్, ఉన్" అంటుంటారు. మన కథలకు ఊఁ కొట్టినట్టే. ఆ ఊఁ కోసం ముక్కకు ముక్క మధ్య "నె" అని ఆగవచ్చు: "కినో నె," అంటే "నిన్న ఉంది చూడండి," లాగా. మర్యాదగా మాట్లాడాల్సిన చోట ఇది తగ్గించుకోవాలి గాని, చనువున్న వారితో ఆలోచించుకోవడానికి కావలసినంత వ్యవధి దొరుకుతుంది.

పోయిన వారం అమ్మాయి పూతరేకుల వాక్యం మొత్తం విన్నది. "బాగుంది బాబాయ్, కానీ ఇన్ని 'తె'లు వరుసగా వస్తే వినేవాళ్లు దారి తప్పుతారు. మూడు నాలుగింటికి ఒకసారి ఆపి, 'సొరెకర', అంటే 'ఆ తరువాత', అని మళ్లీ ఎత్తుకోండి" అని చెప్పింది. కాబట్టి ఈ నెల పని పొడిగించడం కాదు, కోయడం. రేకు తీసేదాకా ఒక వాక్యం, నెయ్యి నుంచి ఇంకొకటి. ఆ తరువాత "తర" పట్టుకోవాలి: వాన పడితే, పంటు ఆగితే, కాయ ధర పెరిగితే.