‘మీరె’ అంటే మీరే: దెలే ఏ2 ప్రిపరేషన్‌లో నా తిప్పలు

దెలే ఏ2, అంటే స్పానిష్ భాషా పరీక్షలో ఏ2 స్థాయి, రాయబోతున్నవాళ్లకి ముందే చెప్తున్నా, ఇంపెరతీవోని, అంటే ‘చెయ్యి, చెయ్యండి’ అని చెప్పే క్రియారూపాల్ని, చివరి వారానికి వదిలెయ్యకండి. నేను వదిలేశాను. మాక్ టెస్టులో హోటల్ మేనేజర్‌కి ఈమెయిల్ రాయమన్నారు. పైన ‘గౌరవనీయులైన అయ్యా’ అని వినయంగా మొదలెట్టి, కింద ‘ఎస్క్రీబె’, ‘మాందా’ అని దించేశాను. అంటే ‘అయ్యా, రాయి, పంపు’ అన్నమాట. మా టీచర్ రెండింటికీ ఎర్రపెన్నుతో సున్నాలు చుట్టి, పక్కన ‘మీ మావగారికైనా ఇలాగే రాస్తావా?’ అని రాశారు.

లెక్క నిజానికి చిన్నదే. నువ్వు అనేవాళ్లకి, అంటే తూ, ‘ఆర్’తో ముగిసే క్రియలైతే చివర ‘ఆ’, ‘ఎర్’, ‘ఇర్’ క్రియలైతే ‘ఎ’. మీరు అనేవాళ్లకి, అంటే ఉస్తేద్, సరిగ్గా తిరగబడుతుంది. మిరార్ అంటే చూడడం: మీరా అంటే చూడు, మీరె అంటే చూడండి. కొమేర్ అంటే తినడం: కోమె అంటే తిను, కోమా అంటే తినండి. ‘మీరె’ మన ‘మీరే’లా వినిపిస్తుంది కదా, గౌరవం అందులోనే ఉంది! నా బుర్రకి ఎక్కింది ఈ ఒక్క గుర్తుతోనే.

కానీ ‘ఎ వస్తే గౌరవం’ అని బట్టీ పెట్టారో, ‘కోమె’ దగ్గర బోల్తా పడతారు. అసలు క్రియ ‘ఆర్’దా కాదా అన్నది ముందు చూసుకోవాలి. నా రెండో రోగం బహువచనం. మనకి ఒక్కరైనా పదిమందైనా ‘మీరు’తో పనైపోతుంది. వాళ్లకి పదిమందైతే చివర ‘న్’ తగలాలి: మీరెన్, కోమాన్. స్పెయిన్‌లో స్నేహితుల గుంపుకైతే మిరాద్, కొమేద్. లాటిన్ అమెరికాలో ఈ ‘ద్’ గొడవే లేదు, అక్కడ అందరికీ న్.

నేను వంటింట్లో ప్రాక్టీస్ చేశాను. ఉప్మా చేస్తూ నాకు నేనే ‘కోర్తా లా సెబోయా’, ఉల్లిపాయ తరుగు. తాతయ్యకి గ్లాసు అందిస్తూ ‘బేబా ఎల్ కఫే’, కాఫీ తాగండి. ‘ఎవర్రా ఆ సెబోయా?’ అని అమ్మ ఒకటే నవ్వు.

ఇంకోటి, ప్రశ్నపత్రంలో సూచనలన్నీ ఉస్తేద్ రూపాలే: లేఆ, సెలెక్సియోనె, మార్కె. పాత పేపర్లు చేసేటప్పుడు వాటిని దాటేసి ప్రశ్నలోకి దూకకండి, అది ఉచితంగా దొరికే డ్రిల్లు. ‘మార్కె’ స్పెల్లింగ్ కూడా గమనించండి. మార్కార్‌లో ఉన్న ‘సి’ని అలాగే ఉంచితే ‘ఎ’ ముందు ‘క’ శబ్దం పోతుంది, అందుకే ‘క్యూయూ’ వచ్చింది. పగార్‌కి ‘పాగె’ రాసేటప్పుడు ‘జీయూ’ రావడానికీ కారణం ఇదే.

ఇక మార్కుల సంగతి: రీడింగ్, రైటింగ్ ఒక గ్రూపు. లిజనింగ్, స్పీకింగ్ ఇంకోటి. ఒక్కోదాంట్లో 50కి 30 తెచ్చుకోవాలి. ఈమెయిల్‌లో పారేసుకున్నవి లిజనింగ్‌తో పూడ్చుకోలేం.

ఓరల్‌లో ఎగ్జామినర్ ముందే అడిగారు, తూనా, ఉస్తేదా అని. ధైర్యం చేసి తూ అన్నాను. ఆ పన్నెండు నిమిషాల్లో రెండుసార్లు నోరుజారి ‘మీరె’ అనేశాను. ఆవిడ నవ్వి ఊరుకున్నారు.