లాకర్లో హారం ఎవరిది?

"అమ్మా, కావలి లాకర్లో ఉన్న బంగారం నాదా, నీదా?"

పోయిన నెలలో ఒక ఆదివారం పప్పుకి తాలింపు పెడుతుంటే మా అమ్మాయి ఫోన్ చేసి అడిగిన ప్రశ్న ఇది. దానికి ఇరవై ఎనిమిదేళ్లు. ఊహ తెలిసినప్పటి నుంచీ నా నోట అది విన్న మాట ఒకటే: "ఇదంతా ఎవరికోసమే? నీకే కదా." పట్టుచీర కొన్నా దానికే, గాజులు చేయించినా దానికే. అట్లాంటిది ఆ క్షణాన నా నోట్లోంచి టక్కున ఊడిపడిన జవాబు, "నాదే."

అటు వైపు కాసేపు చప్పుడు లేదు. తర్వాత నవ్వింది. "సరే, అలాగే రాస్తా. రేపు లాయర్ అడిగినా ఇదే చెప్తావా?"

ఆవాలు మాడిపోయాయి.

సంగతేమిటంటే, మా పిల్లకి పీకలదాకా అప్పులున్నాయి. కార్డుల మీద ముప్పై ఎనిమిది వేల డాలర్లు, ఆసుపత్రి బిల్లు తొమ్మిది వేలు. చదువు అప్పు, కారు అప్పు దీంట్లో కలపలేదు. మధ్యలో ఎనిమిది నెలలు ఉద్యోగం లేదు. ఆ ఎనిమిది నెలలూ మాకు "అంతా బాగుంది" అనే చెప్పింది. అలా చెప్పడం ఎక్కడ నేర్చుకుందో నాకు బాగా తెలుసు. మా అమ్మ ఫోన్ చేసినప్పుడల్లా నేను చెప్పేదీ అదే.

ఇప్పుడు ఛాప్టర్ సెవెన్, అంటే ఇక్కడ అమెరికాలో అప్పులు రద్దు చేయమని కోర్టులో వేసే దివాలా పిటిషన్, వేయాలా వద్దా అని ఆలోచిస్తోంది. మా కావలి వైపు దానికి ఒక్క ముక్కలో పేరుంది, ఐపీ పెట్టడం. ఇన్సాల్వెన్సీ పిటిషన్ అనే మాటకి అది పొట్టిపేరని నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. 1920 నాటి చట్టమట, అప్పు ఐదు వందల రూపాయలున్నా చాలట. ఊళ్లో మాకు ఇంగ్లీషు రాకముందే ఐపీ వచ్చు. ఎరువుల కొట్టాయన ఒకాయన ఐపీ పెట్టాడు. పెట్టేముందు ఇల్లు భార్య పేర, పొలం బామ్మర్ది పేర రాశాడని చెప్పుకునేవాళ్లు. ఆయన పోయి ఇరవై ఏళ్లయినా ఆ సందుకి వెళ్లే దారి అడిగితే "ఐపీ ఆయన ఇంటి పక్కన" అనే చెప్తారు. వాళ్లావిడ పేరంటాలకి రావడం మానేసింది. ఎవరూ రావద్దనలేదు, ఆమే మానేసింది.

ఆ ఇంటికి ఎదురుగా నిలబెట్టి మాకు చూపించే ఇల్లు మా నాయనది. ఆక్వా బాగా ఊపు మీదున్న రోజుల్లో నలుగురితో పాటు ఆయనా రొయ్యల చెరువులు తవ్వించాడు. 1994, 95 ప్రాంతంలో తెల్లమచ్చ వైరస్ కోస్తా అంతా తుడిచిపెట్టింది. పొద్దున లేచి చూస్తే గట్టు వెంబడి రొయ్యలు తేలి ఉండేవి, తలకాయ చిప్ప మీద తెల్లటి చుక్కలతో. నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన అప్పులు. నాయన నాలుగెకరాల మాగాణి అమ్మాడు. అదీ చాలక ఆరేళ్లు కట్టాడు. తీరిన ప్రోనోటు తీరినట్టు రెవెన్యూ స్టాంపు మీది సంతకం చింపి, వసారాలో వేలాడే ఇనుప కమ్మీకి గుచ్చేవాడు. కరెంటు బిల్లులు, ఎరువుల రసీదులు, వాటి మధ్య మూల చిరిగిన ప్రోనోట్లు. పండక్కి సున్నం కొట్టించినప్పుడు కూడా ఆ కమ్మీని ఎవరినీ ముట్టుకోనిచ్చేవాడు కాదు.

ఈ కథ మా అమ్మాయికి ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. అన్నం పారేసినప్పుడు చెప్పాను, కొత్త ఫోన్ అడిగినప్పుడు చెప్పాను. ఛాప్టర్ సెవెన్ మాట ఎత్తిన రోజు మళ్లీ మొదలుపెట్టాను. అది అడ్డుపడకుండా మొత్తం విని రెండు ప్రశ్నలు వేసింది. "తాతకి అప్పిచ్చినవాళ్లు వడ్డీ ఏమన్నా తగ్గించారా?" లేదు. "నాలుగెకరాలు పోయాక అమ్మమ్మ ఏం చేసింది?"

అమ్మ రెండు గేదెల్ని పెట్టుకుని పాలు పోసింది. పొద్దున నాలుగింటికి లేచేది. పేడ తీసీ తీసీ వేళ్ల సందుల్లో పాసిపోయి, రాత్రిళ్లు పసుపూ కొబ్బరినూనె రాసుకునేది. ఇన్నిసార్లు చెప్పిన కథలో ఆ గేదెలు ఎందుకు లేవో నాకు తెలియదు. పరువు నాయన ఖాతాలో వేశాం. పేడ ఎవరి ఖాతాలోనూ వేయలేదు.

సరే, పిల్ల సంగతికొస్తాను. మా ఆయన ఎక్సెల్ షీట్ వేశాడు. ఆయనకి ఏ కష్టం వచ్చినా ఎక్సెలే. నేను మాత్రం లెక్క నాయన పద్ధతిలో వేసుకున్నాను. కార్డు మీద ఏడాదికి ఇరవై ఏడు శాతమంటే నూటికి రెండుంపావు రూపాయల వడ్డీ. ముప్పై ఎనిమిది వేలకి నెలకి ఎనిమిది వందల యాభై ఐదు డాలర్లు వడ్డీకే పోతుంది. కనీసం కట్టాల్సింది కడుతూ పోతే అసలు కదలదు. మా ఊళ్లో వడ్డీ ఆయన గుమ్మంలో కూర్చుంటే తిట్టుకునేవాళ్లం. ఇక్కడ అదే వడ్డీ వసూలు చేసేవాడు పుట్టినరోజుకి శుభాకాంక్షలు పంపిస్తాడు.

అప్పుడు నేను చేయాల్సిన పని నోరు మూసుకోవడం. అది తప్ప అన్నీ చేశాను. రిటైర్మెంట్ కోసం దాచుకున్న ఫోర్ నాట్ వన్ కేలోంచి తీసి కట్టేయమన్నాను. లాయర్ తల అడ్డంగా ఊపింది. దివాలా వేసినా సాధారణంగా ఆ డబ్బు జోలికి రారట. వయసు రాకముందే తీస్తే పన్ను, పైన పది శాతం జరిమానా. అంటే చట్టం ముట్టుకోని డబ్బుని నేనే చేజేతులా తీయించబోయాను.

తర్వాత, కారు నా పేర మార్చేయమన్నాను. మాట బయటికొచ్చాక నాకే వినిపించింది. ఎరువుల కొట్టాయన విద్య! ఆయన ఇంటి వంక చూపించి నీతులు చెప్పి పెంచిన పిల్లకి, నేనే అదే దారి చూపిస్తున్నాను. మా అమ్మాయి తెలుగులో చెప్పడం రాక ఇంగ్లీషులో చెప్పింది, అలా చేస్తే నేరమని, అప్పు పోకపోగా కేసు మెడకి చుట్టుకుంటుందని. అయినా కారు అప్పు మీద మా ఆయన సంతకం కూడా ఉంది. పిల్ల అప్పు రద్దయినా, పూచీ పడ్డవాడి మెడ మీద అది అలాగే ఉంటుంది. అందుకని కారు కంతులు మాత్రం మానకుండా కట్టుకుంటూ పోతుందట.

అన్నిటికంటే తల దించుకున్నది మూడు వేల డాలర్ల దగ్గర. నిరుడు నెల్లూరులో మా అన్నయ్య కొడుకు పెళ్లికి దీన్ని బలవంతంగా బయల్దేరదీశాను. ఉద్యోగం పోయిందని నాకు తెలీదు. టికెట్లు, అందరికీ చీరలు, పెళ్లికూతురికి ఉంగరం, అన్నీ కార్డు మీదే. కొంత నేను సర్దాను. "మేనత్తలందరికీ తనే పెట్టింది తెలుసా" అని పెళ్లిపందిట్లో గొప్పగా చెప్పుకున్నది కూడా నేనే. తిరిగొచ్చాక ఆ సర్దిన మూడు వేలు గుర్తు చేస్తూ వచ్చాను. డబ్బు కోసం కాదు, పిల్లకి బాధ్యత తెలియాలని. పాపం దసరాకి పంపించింది. ఇప్పుడు లాయర్ చెప్పేదేమిటంటే, పిటిషన్ వేయడానికి ముందు ఏడాది లోపు సొంతవాళ్లకి తీర్చిన బాకీని ట్రస్టీ, అంటే దివాలా కేసులో ఆస్తుల లెక్క చూసేవాడు, వెనక్కి అడగొచ్చు. మిగతా అప్పులవాళ్లని ఎండగట్టి అమ్మకి ఒక్కదానికే ఎందుకు కట్టావని. మా వైపు ముందు ఇంటోళ్లది తీర్చడమే మర్యాద. ఇక్కడ ఆ మర్యాదకే నోటీసొస్తుంది.

అయితే ఇదంతా చెప్పి దివాలా మంచిదంటున్నానా? ఏమో. ముందు లాభాపేక్ష లేని క్రెడిట్ కౌన్సెలింగ్ సంస్థతో మాట్లాడమని చెప్తున్నాను అందరికీ. వడ్డీ తగ్గించి నాలుగైదేళ్లలో అసలు కట్టించే ఏర్పాటు వాళ్ల దగ్గర ఉంటుంది. పిటిషన్ వేయాలన్నా అంతకు ముందు 180 రోజుల్లోపు ఆ కౌన్సెలింగ్ తీసుకుని ఉండాల్సిందే. ఛాప్టర్ సెవెన్‌కి రాబడి ఎంతో చూస్తారు. ఎక్కువుంటే ఛాప్టర్ థర్టీన్, మూడు నుంచి ఐదేళ్ల వాయిదాలు. సెవెన్ వేస్తే పదేళ్ల పాటు క్రెడిట్ రిపోర్టులో కనిపిస్తుంది. చదువు అప్పు మామూలుగా పోదు, దానికి వేరే దావా వేసి గెలవాలి. ఇవన్నీ గడగడా ఒప్పజెప్తున్నాను గానీ, రాత్రి రెండింటికి నిద్ర పట్టక లేచినప్పుడు నా బుర్రలో తిరిగేది వేరే. సంబంధం చూస్తే వాళ్లకి ఎప్పుడు చెప్పాలి? నిశ్చితార్థానికి ముందా, వెనకా? పెళ్లి మాటెత్తితే అది ఫోన్ పెట్టేస్తుందని తెలిసీ, లేని పెళ్లికొడుకుకి సమాధానం వెతుకుతుంటాను.

పోనీ మేమే కట్టేద్దామన్నాను. కావలిలో మాకున్న ఇళ్లస్థలం అమ్మితే సరిపోతుంది. పిల్ల ఒప్పుకోలేదు. "అది అమ్మి కట్టేసి, రేపు నా పిల్లలకి ఇంకో కథ చెప్తావు" అంది. నాకు కోపం వచ్చింది. రెండు రోజులు మాట్లాడలేదు. ఆ రెండు రోజులూ దానికి ఫోన్ చేసి మాట్లాడింది మా ఆయనే, షీట్లో ఏ గడిలో ఏముందో చెప్పుకుంటూ.

ఇక బంగారం. పిటిషన్‌తో పాటు ఆస్తుల జాబితా ఇవ్వాలి. ఆస్తి ఏ దేశంలో ఉన్నా, ఎవరి చేతిలో ఉన్నా, తనదైతే రాయాల్సిందే. నా గాజులు, నెక్లెసు నేను కొనుక్కున్నవి, లాకరు నాదీ మా తమ్ముడిదీ. దాంతో పేచీ లేదు. కానీ పదిహేనేళ్ల కిందట కావలిలో దాని ఓణీల ఫంక్షన్‌కి మా తమ్ముడు మేనమామగా మెళ్లో వేసిన హారం ఉంది. ఐదు సవర్ల హారం. మైకులో చదివారు కూడా. వీడియోలో ఉంది. అది నాదని ఏ నోటితో అనను?

"దాని ఊసెత్తకు, ఎవరికి తెలుస్తుంది" అన్నాను. అవును, మళ్లీ అన్నాను. రాస్తే మినహాయింపు కింద హారం తనకే మిగలొచ్చు, లేదా దాని విలువ కట్టాల్సి రావచ్చు, దాచితే మాత్రం ప్రమాణం చేసి అబద్ధం చెప్పినట్టు అంది. "ఎన్ని గ్రాములో కనుక్కో అమ్మా. కచ్చితంగా కావాలి."

తమ్ముడికి ఫోన్ చేశాను. ఎందుకని అడిగితే బంగారం రేటు పెరిగింది కదా, ఊరికే అన్నాను. మర్నాడు లాకర్ తెరిచి, బజార్లో తూకం వేయించి ఫోన్ చేశాడు.

"ముప్పై ఆరు గ్రాములక్కా."

"సరిగ్గా చూడరా. ఐదు సవర్లంటే నలభై ఉండాల."

కాసేపు ఏం మాట్లాడలేదు. వెనక బజారు రొద వినిపిస్తోంది.

"అప్పుడు చేతిలో అంతే ఉండిందక్కా. ఆ అర సవరకి ఎక్కడన్నా అప్పు తెద్దామనుకున్నా. నాయన్ని చూశాక బుద్ధి పుట్టలా. మైకులో ఐదని చదివించా."

నవ్వాలో తిట్టాలో తెలీక, అన్నం తిన్నావా అని అడిగి పెట్టేశాను. తర్వాత అమ్మాయికి చేసి ముప్పై ఆరు అని చెప్పాను. రాళ్లతో కలిపా, విడిగానా అని అడిగింది. మళ్లీ తమ్ముడికి చేయాలి.