149 కోరాలు

మేం ఐదుగురం. సూట్‌కేసులు మాత్రం పది. అందులో సగం మా సొంత బట్టలైతే, మిగతా సగం మా విచారణ (మా కథోలిక చర్చి సంఘం) సామాను. అమెరికాలో మేం వెళ్ళే విచారణకు ఎల్ సాల్వడార్‌లో ఒక సోదర విచారణ ఉంది. చలతెనాంగో ప్రాంతంలో, హోండురాస్ సరిహద్దు కొండల దగ్గర. మేం వెళ్తున్నామని ఆదివారం పూజలో చెప్పగానే గుడి పక్క హాలు బట్టలు, బూట్లు, స్కూలు బ్యాగులతో నిండిపోయింది. రెండు రాత్రులు కూర్చుని అన్నీ సర్దింది నేనే.

2019 మార్చి 23న దిగాం. విమానాశ్రయానికే తమ అగ్రపీఠాధిపతి (ఆర్చ్‌బిషప్) పునీత ఓస్కార్ రొమేరో పేరు పెట్టుకున్న దేశం అది. మర్నాడు 24, ఆయన వర్ధంతి. 1980లో అదే తేదీన, ఒక క్యాన్సర్ ఆసుపత్రి ప్రార్థనాలయంలో పూజ చేస్తుండగా ఆయన్ని కాల్చి చంపారు. శాన్ సాల్వడార్ కథెడ్రల్ కింది భాగంలో ఆయన సమాధి ఉంది. కంచులో పోత పోసిన రొమేరో నిద్రపోతున్నట్టు పడుకుని ఉంటారు. మీద కప్పిన వస్త్రాన్ని నాలుగు మూలలా సువార్తలు రాసిన నలుగురి బొమ్మలు పట్టుకుని ఉంటాయి. గుండె చోట ఒక ఎర్రని గుండ్రాయి. జనం వరసగా వచ్చి ఆ రాయి మీద చెయ్యి పెట్టి, కాసేపు ఆగి, వెళ్తున్నారు. నా వంతు వచ్చినప్పుడు నోట ఏ ప్రార్థనా రాలేదు. ఊరికే నిలబడ్డాను.

సోమవారం ఉత్తరానికి బయల్దేరాం. ఎండాకాలం చివర, దారంతా దుమ్ము. ఆ కొండల్లో అంతర్యుద్ధం 1980 నుంచి 1992 దాకా సాగింది. హోండురాస్‌లోని మేసా గ్రాందే శిబిరంలో ఏళ్ళ తరబడి తలదాచుకున్న వాళ్ళు 1987 నుంచి తిరిగొచ్చి ఈ ఊళ్ళను మళ్ళీ నిలబెట్టుకున్నారు. ఇలాంటి సోదర విచారణ బంధాలు చాలా వరకు ఆ రోజుల్లో మొదలైనవే. అప్పట్లో బయటి విశ్వాసులు వచ్చి పక్కన ఉండటమే పెద్ద సాయం. దానికి వాళ్ళు వాడే మాట అకొంపాన్యామియెంతో, అంటే తోడు నడవడం. మేం మాత్రం సూట్‌కేసులతో వెళ్ళాం.

విచారణ కమిటీని నడిపేది ఒక పెద్దావిడ. అక్కడ పెద్ద ఆడవాళ్ళను గౌరవంగా ‘నీన్యా’ అని పిలుస్తారు, మేమూ అలాగే పిలిచాం. సామాను తెరిచినప్పుడు ఆవిడ ఒక్కొక్క చొక్కా తీసి, మడిచి, ప్రతిదానికీ కృతజ్ఞత చెప్పింది. కానీ ముఖంలో సంతోషం కనిపించలేదు. మందుల సంచి చూసిన నర్సు అందులో మూడు సీసాలు తీసి పక్కన పెట్టింది. గడువు దాటిపోయినవి. వాటినీ నా చేతులతోనే సర్దాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

పొద్దున్నే వెళ్ళి అడిగాను, నిజంగా మీకు ఏం కావాలని. ఇన్నేళ్ళలో ఆ మాట ముందుగా అడిగి ఉండాల్సింది. ఆవిడ లోపలికి వెళ్ళి పొడుగాటి స్కాలర్‌షిప్ లెక్కల పుస్తకం ఒకటి తెచ్చింది. ఎడమ పక్క పిల్లల పేర్లు, పైన నెలలు. ప్రతి గడిలో ఒక సంతకం. సంతకం రాని తల్లులున్న చోట ఊదారంగు వేలిముద్ర. నిరుడు జూలై గడి నుంచి ఖాళీగా ఉన్న పేరు ఒకటి చూపించింది. ఆ అమ్మాయి చదువు మానేసింది. మిగిలిన డబ్బు ఎవరికి ఇవ్వాలని కమిటీ కూర్చుని తేల్చింది, ఆ నిర్ణయం కింద ఆరుగురి సంతకాలు ఉన్నాయి. స్కాలర్‌షిప్ తీసుకునే ప్రతి విద్యార్థీ శనివారాలు చిన్నపిల్లలకు జ్ఞానోపదేశం చెప్పాలి, లేదా నీళ్ళ ట్యాంకు కడగాలి.

బట్టలు, బూట్లు ఎందుకు అక్కర్లేదో అప్పుడు చెప్పింది. 2010 నుంచి ప్రభుత్వ బడి పిల్లలకు యూనిఫాం, బూట్లు, నోటు పుస్తకాలు ప్రభుత్వమే ఇస్తోంది. పైగా ఊళ్ళో కుట్టుపని మీద బతికే ఆడవాళ్ళున్నారు. ఉచిత బట్టలు వచ్చినప్పుడల్లా వాళ్ళకు పని తగ్గుతుంది. అసలు చిక్కు తొమ్మిదో తరగతి తర్వాత. ఆ పై చదువుకి ఊరు దాటాలి, రోజూ బస్సు ఛార్జీ కావాలి. ఇంకో సంగతి మాకెవరికీ తట్టనే లేదు. అక్కడ బడులు జనవరిలో తెరుస్తారు. మేం మా బడులు తెరిచే కాలం చూసుకుని సెప్టెంబరులో స్కాలర్‌షిప్ డబ్బు పంపేవాళ్ళం. అప్పటికి వాళ్ళకు బడి ఏడాది చివరికొచ్చేది, జనవరిలో మాత్రం చేతిలో ఏమీ ఉండేది కాదు.

పౌలు గారు యెరూషలేము పేదల కోసం సంఘాల్లో కానుకలు పోగు చేసినప్పుడు ఆ డబ్బు ఒక్కరి చేతికి ఇవ్వలేదు. ఎవరూ వేలెత్తి చూపకూడదని తోడు మనుషులను పెట్టారు. కొరింథీయులకు రాసిన రెండో లేఖ ఎనిమిదో అధ్యాయంలో ఉంది. ఎన్నిసార్లు చదివానో. ఆ పుస్తకంలోని వేలిముద్రలు చూశాకే నాకు అది అర్థమైంది.

అక్కడే కూర్చుని ఒప్పుకున్నాం. సామాను ఉండదు. మూడేళ్ళకు ఒకే మొత్తం, విచారణ ఖాతాకే, జనవరికి ముందే. ఎవరికి ఇవ్వాలన్నది వాళ్ళ కమిటీ ఇష్టం. మా పేర్లతో ఫలకాలు వద్దని నేనే చెప్పాను.

బుధవారం పూజలో విశ్వాసుల ప్రార్థన చేయమంటే, మా విచారణలో ఇల్లు కాలిపోయిన ఒక కుటుంబం కోసం ప్రార్థించమని అడిగాను. ఆ మాట అంతటితో అయిపోయిందనుకున్నాను. 31వ తేదీ, తపస్కాలం (ఈస్టరుకు ముందు ఉపవాస కాలం) నాలుగో ఆదివారం, కానుకల సమర్పణలో మొక్కజొన్న, చిక్కుడు గింజలతో పాటు ఒక చిన్న మూట బల్ల దగ్గరకు వచ్చింది. తోర్తియాలు (మొక్కజొన్న రొట్టెలు) చుట్టే గుడ్డ, అంచుకు ఎర్రదారంతో కుట్టిన పువ్వులు. పూజ అయ్యాక నీన్యా దాన్ని నా చేతుల్లో పెట్టి, ఆ ఇల్లు కాలిన వాళ్ళకని చెప్పింది. వద్దని వెనక్కి ఇవ్వబోయాను. ఆవిడ నా వేళ్ళు మూట మీదకు మడిచి పట్టుకుంది, అంత గట్టిగా పట్టుకుంటుందని నేననుకోలేదు. యుద్ధంలో తమ ఇళ్ళు కూడా కాలిపోయాయని మాత్రం అంది.

2001 నుంచి ఆ దేశంలో డాలరే చెలామణీ. పావు డాలరు నాణేన్ని వాళ్ళు ‘కోరా’ అంటారు. రాత్రి లెక్కపెట్టాం. 149 కోరాలు. 37 డాలర్ల 25 సెంట్లు. ఒక్క నోటు లేదు.

తిరుగు ప్రయాణంలో ఆ మూటను చేతి సంచిలోనే పెట్టుకున్నాను. భద్రతా తనిఖీలో స్కానర్ మీద నల్లటి ముద్దలా కనిపించిందేమో, విప్పమన్నారు. విప్పాను. తనిఖీ చేసే అమ్మాయి నాణేలు చూసింది, గుడ్డ అంచు పువ్వులు చూసింది, ఎక్కడిదని అడిగింది. ఊరి పేరు చెప్పాను. ఏమీ అనకుండా తనే మళ్ళీ ముడి వేసి ఇచ్చింది.

ఆ నాణేలను నోట్లుగా మార్చి ఇద్దామని మా కోశాధికారి అన్నారు. నేను ఒప్పుకోలేదు. ఆ కుటుంబం అద్దెకున్న ఇంటికి వెళ్ళి మూట మూటగానే ఇచ్చాను. వాళ్ళ చిన్నబ్బాయి నేల మీద పోసి పదేసి చొప్పున దొంతరలు పేర్చాడు. వాళ్ళమ్మ ఆ గుడ్డను ఒళ్ళో పెట్టుకుని, అంచు పువ్వుల మీద వేలు పోనిస్తూ చాలాసేపు కూర్చుంది.